పొడవైన చీర ఒకటి పంపు

చిత్తూరు,
14-4-1978

తమ్ముడు దేవరాజులుకు అక్క జ్ఞానాంబ తలమీద చెయ్యిపెట్టి చెప్పే మాటలు.

మేమిద్దరం క్షేమంగా ఇల్లు చేరినాము. నువ్వు బస్టాండులో కొనిచ్చిన అరటిపండ్లు మీ బావ చంద్రగిరి దాటకముందే ముగించినాడు. చక్కెర జబ్బు మనిషి కదా అంటే, "పండులో ఉండేది చక్కెర కాదు, తీపి" అన్నాడు. బెల్లం మండీ పెట్టిన మనిషితో ఆ విషయంలో ఏం వాదించేది?

మరదలు భారతి సంవత్సరీకం సక్రమంగా జరిగిపోయింది. ఏడాది దాటింది. ఇంక నేను నోరు మూసుకోను. రెండు రోజులు నీ ఇంట్లో ఉండి చూస్తిని. పొద్దున లేస్తావు, వెనక గడప మీద కూర్చుంటావు, తోట పక్క చూస్తావు. తోట నీ పక్క చూస్తాది. ఇద్దరికీ నీళ్ళు లేవు. మల్లెచెట్లు పుల్లలైపోయినాయి, నువ్వూ అంతే.

మీ బావ ఈడ కాలేజీకి నీ బదిలీ సంగతి మాట్లాడినాడు. మండీలో తప్ప యాడా నోరు తెరవని మనిషి నీ కోసరం తెరిచినాడు. కాగితం దీంతో పంపుతా ఉండా. నువ్వు సంతకం పెడితే చాలు. మా మేడమీద గది ఖాళీగా ఉండాది. ఆ తిరుపతి ఇల్లు బాడుగకిచ్చేద్దాం.

అట్లని నేను రాక్షసిని కాను. కాలేజీకి సెలవులిచ్చినారు కదా, ఈ ఎండాకాలం నీకిస్తా ఉండా. వారానికొకసారి ఇల్లు కదులు. ఒక ఊరు చూడు, ఒక కొండ ఎక్కు, యాడైనా కూర్చుని ఏదైనా తిను. తోటకు నీళ్ళు పొయ్యి. చేసిందంతా నాకు రాయి. కాలేజీ తెరిచేలోపల మనిషిగా కనబడినావా, ఆ ఇంట్లోనే ఉండు. లేదంటే సంతకం.

నీ జాబులు తంతి మాదిరి ఉంటాయి. కొంచెం పప్పు, కూర వేసి రాయి.

మీ బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. అనలేదు, నేనే రాస్తా ఉండా.

జ్ఞానాంబ

*

తిరుపతి,
19-4-1978

అక్కకు నమస్కారం.

జాబు అందింది. కాగితమూ అందింది. సంతకం పెట్టలేదు. పెట్టననీ అనడం లేదు. ఎండాకాలం ఇచ్చావు కాబట్టి ఎండాకాలం తీసుకుంటున్నాను.

మొదటి విహారం కపిలతీర్థం. ఆదివారం పొద్దున నడిచిపోయాను. ఇంటి నుంచి అంత దగ్గరిదాన్ని విహారం అనవచ్చునో లేదో నువ్వు తీర్మానించు. ఈ నెలలో అక్కడి జలపాతం నూలుపోగంత. దాని కింద పదిమంది ఉన్నారు. లావుపాటి ఆయన ఒకాయన మధ్యలో నిలబడ్డాక మిగిలినవాళ్ళకు నీళ్ళు కనబడలేదు. ఆయన సంకల్పం చాలా పొడవు. వెనక ఒకామె, "సామీ, ఆ గోత్రాలన్నీ గట్టు మీద చెప్పుకోకూడదా?" అంది. "గట్టు మీద కాళ్ళు కాల్తా ఉండాయి తల్లీ" అన్నాడాయన. నా వంతు వచ్చేసరికి రెండు చుక్కలు పడ్డాయి. బట్టతల కాబట్టి వృథా కాలేదు.

తోట. సాయంత్రాలు నీళ్ళు పోస్తున్నాను. ఏ మొక్కకు ఎంత అన్నది భారతి చెప్పిపోలేదు. కాకరపాదుకు ఎక్కువ పోస్తే ఆకు పండింది. కనకాంబరాలకు తక్కువ పోస్తే అలిగాయి. నిమ్మచెట్టు నన్ను పట్టించుకోవడం లేదు. అది మొదటినుంచీ ఆమె మనిషే. మల్లెలకు ఆకు దూసి నీళ్ళు కట్టాలట. పక్కింటి అక్తరున్నీసా పిట్టగోడ మీంచి చెప్పింది. రవికెలు కుట్టే ఆవిడ, భారతికి స్నేహితురాలు, నువ్వెరుగుదువు. "సార్, భారతక్క ఇట్ల దూసేది" అని గాలిలో దూసి చూపించింది. అట్లాగే దూశాను. ఇప్పుడు నువ్వన్న పుల్లలు నిజంగానే పుల్లలు. చూడాలి.

పప్పు, కూర వేయమన్నావు. మొన్న పొద్దున కాఫీ రెండు గ్లాసుల్లో పోశాను. రెండోది కూడా నేనే తాగాను. వేసవిలో అంత మంచిది కాదు.

బావకు నమస్కారాలు.

దేవరాజులు

*

చిత్తూరు,
24-4-1978

తమ్ముడూ,

కపిలతీర్థం విహారం కాదు. అది నీ పెరడు. ఆ లెక్కన నేను మిద్దె మీద వడియాలు పెట్టేదానికి ఎక్కడం కూడా విహారమే. బస్సో జట్కానో ఎక్కితేనే ఒప్పుకుంటా.

మేము మాత్రం మొన్న కాణిపాకం పోయి వచ్చినాము. ఆ వినాయకుడి ముందర అబద్ధం చెప్తే ఊరుకోడు కదా, అందుకని మీ బావను నిలబెట్టి, "మండీలో దొంగతనంగా బెల్లం తినడంలేదని ప్రమాణం చెయ్యి" అంటిని. ఆ మనిషి దేవుణ్ణి చూసినాడు, నన్ను చూసినాడు. "ఈయనకు భయపడి నిజం చెప్తే నువ్వు బతకనియ్యవు, నీకు భయపడి అబద్ధం చెప్తే ఈయన బతకనియ్యడు. నాకు కడుపులో నొప్పిగా ఉండాది" అని బయటికి పోయి టెంకాయల అంగడి కాడ కూర్చున్నాడు. ఆ పూట ఆయనకు చారన్నమే పెట్టినా.

మా బెల్లం లారీ శుక్రవారం తిరుపతికి వస్తాది. దాంట్లో వచ్చే మండీ పనివాడు చిన్నబ్బతో ఒక బుట్ట మామిడిపండ్లు పంపుతా. ఇరుగుపొరుగుకు పంచి పెట్టి నువ్వు టెంకలు చీకవద్దు. నువ్వే తిను.

ఆ రెండో గ్లాసు సంగతి నేనేమీ రాయను. ఆ తావు మీ బావకు చదివి వినిపించలేదు.

అక్క

*

తిరుపతి,
28-4-1978

అక్కకు,

ఆజ్ఞ ప్రకారం జట్కా ఎక్కాను. చంద్రగిరి కోటకు పోయాను. తోడు దొరికింది.

రాజమహలు మేడమీద గాలి బాగుంది. పదిహేనేళ్ళుగా ఆ కోట గురించి పాఠం చెబుతున్నాను. ఆ మెట్లు ఇంత ఎత్తని ఏ పుస్తకంలోనూ లేదు. కోటగోడ నీడలో కూర్చుని పెరుగన్నం తిన్నాము. తోడు తెచ్చిన వంకాయ వేపుడు చాలా బాగుంది. నేను తీసుకుపోయిన ఊరగాయ తోడుకు నచ్చింది. తోడు బాగా నవ్వే మనిషి. నేను ఏ రాజు ఎట్లా చచ్చాడో చెబుతుంటే ప్రతి చావుకూ నవ్వు. తిరిగివచ్చేటప్పుడు పాట కూడా.

మల్లెపుల్లలకు చిగుళ్ళు వచ్చాయి. ఉదయం చూసి, నమ్మకం కలగక మధ్యాహ్నం మళ్ళీ చూశాను. ఉన్నాయి.

చిన్నబ్బ ఇంకా రాలేదు. ఈ సాయంత్రం రావచ్చు. నేను బజారులో కొంచెం పని మీద ఉంటాను. వస్తే అక్తరున్నీసాకు బుట్ట ఇమ్మని చెప్పిపెట్టాను.

దేవరాజులు

*

చిత్తూరు,
3-5-1978

దేవరాజులూ,

తోడు అంటే ఎవరు? మొగా, ఆడా? చావులకు నవ్వేదెవరు? పాట పాడేదెవరు? వంకాయ వేపుడు చేసేదెవరు? అంత రాసినవాడికి పేరు రాసేదానికి సిరా చాల్లేదా?

ఇది నేను మామూలుగా అడిగి ఊరుకుందును. కానీ చిన్నబ్బ వచ్చినాడు. బుట్ట ఇచ్చినావా అంటే తల గోక్కున్నాడు. "ఇచ్చినానమ్మా. సారు ఇంట్లో లేడు. గాజుల అంగట్లో ఉండాడు."

"గాజుల అంగట్లో ఏం చేస్తాడు రా ఆయన?"

"గాజులు కొంటా ఉండాడమ్మా. ఎర్రవి. 'ఇంకా పెద్దవి సూపించు, ఇంకా పెద్దవి' అంటా ఉండాడు. నన్ను సూసి వెనక్కి దాచినాడు. 'చెయ్యి పెద్దది చిన్నబ్బా' అన్నాడు. అంతేనమ్మా. నేనేం అడగలేదు."

అడగని వెధవ చూడటం మాత్రం బాగా చూసినాడు. చంకలో ఒక పొట్లం ఉండాదంట, దాంట్లోంచి కొత్త రవికె చెయ్యి బయటికి వేలాడతా ఉండాదంట.

తమ్ముడూ, ఏడాది దాటింది. నీకు యాభై కూడా నిండలేదు. నేను వద్దనేదాన్ని కాను. మీ బావ సంగతి సరేసరి, వినగానే "పోనీలే" అన్నాడు. కానీ ఎవరు? ఎవరింటి మనిషి? యాడ చూసినావు? కోటకు పోయి పెరుగన్నం తినేదాకా వచ్చి అక్కకు ఒక మాట లేదా?

ఒకటి మాత్రం చెప్తా ఉండా. భారతి పెట్టె ఎవరినీ ముట్టనియ్యొద్దు.

జ్ఞానాంబ

*

తిరుపతి,
6-5-1978

అక్కకు నమస్కారం.

ప్రశ్నల వరుసలోనే జవాబులు.

తోడు మొగమనిషి. చాంద్ బాషా. అక్తరున్నీసా భర్త. జట్కా ఆయనది. వేపుడు అక్తరున్నీసాది. పాట ఆయనది, దానికి గుర్రం కూడా ఇంకా అలవాటుపడలేదు.

గాజుల సంగతి వేరు. చిన్నబ్బ చూసింది నిజం. చెయ్యి పెద్దదే. రవికె కుట్టించిన మాటా నిజం. ఎందుకో ఇప్పుడు చెప్పను. వచ్చే మంగళవారం గంగజాతర చాటింపు, ఆ పై మంగళవారం జాతర. జాతరనాడు అంతా తెలుస్తుంది.

ఎవరింటి మనిషి అని అడిగావు. మంచి కుటుంబం. నీకు బాగా తెలిసిన కుటుంబమే. చదువుంది. వంట అంతంత మాత్రం. చామనచాయ. వయసు నాకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. నీ మీద గౌరవం ఉంది. కొంచెం భయం కూడా.

మొన్న తలకోనకు పోయాము. బస్సు, తర్వాత నడక, కాబట్టి నీ లెక్కలోకి వస్తుంది. నీళ్ళున్నాయి. కోతి ఒకటి నా కళ్ళజోడు లాక్కుని చెట్టెక్కి నావైపు చూసింది. ఎట్లా చూసిందో కళ్ళజోడు లేక నాకు కనబడలేదు. చాంద్ బాషా నీ బుట్టలోని మామిడిపండు చూపించి బేరం ఆడాడు. కళ్ళజోడు వచ్చింది. నీ పండ్లు బాగున్నాయని కోతి అభిప్రాయం. నా అభిప్రాయమూ అదే.

మల్లెలు మొగ్గ తొడిగాయి.

దేవరాజులు

*

తిరుపతి,
11-5-1978

అక్కకు,

బావ మంగళవారం మధ్యాహ్నం క్షేమంగా వచ్చారు. ఎందుకు వచ్చారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. గదులన్నీ చూసి, స్నానాలగది చూసి, బీరువా వెనక చూసి, "గాలి బాగా వస్తా ఉండాది" అన్నారు. తర్వాత భోంచేశారు.

సాయంత్రం బస్సుకు తిరిగిరావలసింది. తోటలో నీళ్ళు పోస్తున్నాను. బాల్టీ అందుకుని "ఈ ఒక్క పాదుకు పోసి పోతాలే" అన్నారు. ఆ పాదు తర్వాత ఇంకో పాదు. బస్సు పోయింది. భోజనాలయ్యాక చాటింపు డప్పు వినబడింది. నీకు తెలియనిది కాదు. చాటింపు పడిన వేళ ఊళ్ళో ఉన్నవాడు జాతర అయ్యేదాకా పొలిమేర దాటరాదు. బావ చెంబు కింద పెట్టి "అయ్యో, ఇప్పుడెట్లప్పా?" అన్నారు. అంత సంతోషంగా అయ్యో అన్నవాణ్ణి నేను చూడలేదు. చాటింపు ఆ రోజేనని తెలియదట. నాలుగు జిల్లాల జాతర్లకు బెల్లం తోలే వ్యాపారి ఆయన.

జాతర వారం కదా, నిన్న బైరాగి వేషం. ఇద్దరం తెల్లగా నామంసుద్ద పూసుకుని గుడిదాకా పోయివచ్చాము. ఎండకు అది చల్లగానే ఉంటుంది.

ఈ రోజు బండవేషం. కుంకుమ పూసుకుని వీధిలో నిలబడి తిట్టాలి. ఎవరూ తప్పుపట్టరు, తిట్టకపోతేనే అమ్మవారికి కోపం. మీ పెళ్ళయిన నాటినుంచీ బావ నోట "ఊఁ", "సరే", "పోనీలే" తప్ప నేను పెద్దగా విన్నది లేదు. వీధి మొన కరెంటు స్తంభంతో మొదలుపెట్టారు. పిల్లలు చుట్టూ చేరారు. కాసేపటికి పెద్దలు చేరారు. చాంద్ బాషా జట్కా ఆపి దిగి విన్నాడు. "ఏమబ్బా, ఈయన యాడ దాచిపెట్టుకున్నాడు ఇవన్నీ?" అన్నాడు. పేర్లేమీ వాడలేదని నేను సాక్ష్యం చెప్పగలను. "సంగటిని గుండ్రాయి మాదిరి కెలికేదానా" అన్నది మాత్రం స్తంభాన్ని ఉద్దేశించి కాదేమోనని అనుమానం.

ఆకలి బాగా ఉంది ఆయనకు. నిద్ర కూడా.

ఒక సహాయం. నీ చీర ఒకటి పంపు. పొడవైనది. రంగు ఏదైనా ఫర్వాలేదు. చిన్నబ్బ చేత పంపినా సరే. మంగళవారానికి కావాలి. ఇక్కడ ఉన్నది ఒకరికే సరిపోతుంది.

దేవరాజులు

*

చిత్తూరు,
13-5-1978

దేవరాజులూ,

ఆశీర్వాదం ఈ జాబుకు లేదు.

నిన్ను చూసి రమ్మని మొగుణ్ణి పంపితే ఆ మనిషిని ఆడనే కట్టేసుకుంటివి. చాటింపంట! ఆయనకు చాటింపు తెలీదంటే నేను నమ్మాలంట! సంగటి సంగతి ఆయనతో ఇంటికొచ్చినాక నేను మాట్లాడతా. ఆ స్తంభాన్ని కూడా తెచ్చుకోమని చెప్పు, పక్కన నిలబడేదానికి ఎవరన్నా ఉండాలి కదా.

ఇప్పుడు నీ సంగతి. దానికి నా చీర కావాలా? కట్టుకునేదానికి గుడ్డ కూడా లేకుండా వచ్చిందా? పొడవైనది కావాలంట, ఎంత పొడుగుండాది ఆ మనిషి? తాటిచెట్టా? చెయ్యి పెద్దది, మనిషి పొడుగు, వంట రాదు. ఏం చూసి ఒప్పుకుంటివి రా?

రెండు రోజులుగా ఏడుస్తా ఉండా. నువ్వు ఇంకొకతెను తెచ్చుకుంటా ఉండావని కాదు. నాకు చెప్పలేదని. భారతి ఉన్నప్పుడు నీ ఇంటి సంగతులన్నీ అదే రాసేది. నీకు జలుబు చేస్తే కూడా రాసేది. కింద నీ పేరు కూడా అదే పెట్టేది, నాకు తెలీదనుకున్నారు ఇద్దరూ. అది పోయినాక నీ ఇంట్లో ఏం జరగతా ఉండాదో చిన్నబ్బ చెప్తే తెలుసుకోవాల్సి వచ్చింది నాకు.

చీర పంపను. నేనే వస్తా ఉండా. మంగళవారం తొలి బస్సుకు. బదిలీ కాగితం తీసి పైన పెట్టు. పెండ్లో గిండ్లో చేసుకునేదుంటే ఈడ, నా కండ్ల ముందర చేసుకో.

జ్ఞానాంబ

*

చిత్తూరు,
18-5-1978

తమ్ముడు దేవరాజులుకు,

నిన్న మేము ఇల్లు చేరినాము. ఈ జాబు రాస్తా ఉంటే వచ్చేది నవ్వో ఏడుపో నాకే తెలీదు. గుడి కాడ నువ్వు ముందర నిలబడి ఉంటివి, వెనక నాకేమైందో నీకు తెలీదు. అందుకని రాస్తా ఉండా.

బస్సు దిగి వస్తే నీ ఇంటికి తాళం. అక్తరున్నీసాను అడిగితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వతాది. "గుడికి పోయినారు జ్ఞానమ్మా, ఇద్దరూ" అనింది. ఇద్దరూ అన్న మాట చెవినబడినాక నాకింక దారి కనబడలేదు. ఆడోళ్ళ వరసలో పోయి దూరితిని. నెత్తి పగిలే ఎండ. పొంగళ్ళ పొగ. నాకు నలుగురి అవతల ఒకతె. ఆ పొడుగు! ఆ భుజాలు! జడ నిండా మల్లెపూలు, చేతినిండా ఎర్రగాజులు. కట్టుకునింది వంగపండు రంగు నారాయణవనం చీర. భారతికి నేను పెట్టిన చీర.

ఆ నలుగురినీ ఎట్లా తోసినానో తెలీదు. "ఎవుతివే నువ్వు? చచ్చినదాని పెట్టెలో చెయ్యి పెట్టిందానా!" అని జడ పట్టుకుని లాగితిని. జడ వచ్చేసింది. జడతో పాటు నాటకాలోళ్ళ జుట్టు టోపా. ఎండలో తళతళలాడతా నీ బట్టతల.

నువ్వు వెనక్కి తిరిగినావు. మీసం లేదు. బొట్టుండాది. "రా అక్కా. బస్సు ఆలస్యమా?" అంటివి.

దేవుడా!

నీ పక్కనున్న ఇంకొకతె ముసుగు లాక్కుని పారిపోబోయి కుచ్చిళ్ళు తొక్కి బోర్లా పడింది. పడింది పడినట్టే "పోనీలే" అనింది. అప్పుడు తెలిసింది నాకు. నేను చీర పంపలేదని అక్తరున్నీసా చేత రెండు కిటికీ తెరలు అతికించి కుట్టించుకున్నాడు నా మొగుడు. వీపు మీద రెండు నెమళ్ళు. చుట్టూ ఉన్న ఆడోళ్ళు ఇదంతా మొక్కులో భాగమనుకున్నారు. "గంగమ్మ పూనింది" అని ఒకామె నా నొసట ఇంత కుంకుమ పెట్టి కాళ్ళకు మొక్కింది. చేతిలో నీ జడ పట్టుకుని దీవించినా, ఏం చేసేది?

ఇంటికొచ్చినాక అంబలి తాగతా నువ్వు చెప్పిన మాట దారిపొడుగునా తలుచుకుంటా ఉండా. నీకు కామెర్లు ముదిరినప్పుడు భారతి గంగమ్మకు మొక్కుకునిందని, మనిషి దక్కితే జాతరలో ఆడవేషం కట్టిస్తానని. ప్రతి ఏడూ నువ్వు కడతానంటే అదే "ఈ ఏడు వద్దులే, మీసం బాగుండాది, అమ్మవారు మనదే, ఆగతాది" అని తప్పించేదని. రవికె గుడ్డ మాత్రం అక్తరున్నీసా కాడ ఇచ్చిపెట్టిందని, నీ కొలతలు నోటితోనే చెప్పిందని. కుట్టినాక వేసుకుంటే యాడా పట్టలేదు, యాడా వదులు కాలేదు అంటివి. అంతే చెప్పి అంబలి ఇంకొంచెం పోయమంటివి.

ఈ జిల్లాలో పుట్టి, ఇన్ని జాతర్లు చూసి, ఇది నాకు తట్టలేదే! జాతర దుమ్ము కూడా తొక్కని లెక్చరర్ని చీరలో ఊహించుకునే బుద్ధి దేవుడు నాకివ్వలేదు. నువ్వు మాత్రం? "నీ మీద గౌరవం, కొంచెం భయం" అని రాస్తివి కదరా దొంగా!

సంగటి ఇప్పుడు పలచగా చేస్తా ఉండా. మీ బావ తింటాడు, స్తంభం మాదిరి నిలబడతాడు. బదిలీ తనకే చేయించమని ఒకసారి గొణిగినాడు.

సంతకం మాట ఆడ నేను ఎత్తలేదు. ఇప్పుడు అడగతా ఉండా. నువ్వు మనిషివైనావు, కండ్లారా చూసినా. నా మాట ప్రకారం నేను ఊరుకోవాలి. కానీ నీ ఇంటి వాకిలి దాటేటప్పుడు నా కాలు ఆడలేదు. నువ్వు నా పక్కన ఉంటే బాగుండునని ఉండాది. అది నీ కోసరమా నా కోసరమా నాకే తెలీదు. రెండింటిలో ఏదో నువ్వే రాయి. ఏది రాసినా తిట్టను.

అక్క

*

తిరుపతి,
22-5-1978

అక్కకు,

కాగితం దీంతో తిరిగి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు. పెట్టను.

ఎందుకో రాస్తాను. తంతి కాకుండా.

జాతర సాయంత్రం నువ్వు అలసిపోయి చాపమీద నిద్రపోయావు. బావ తెరలు విప్పి ఇచ్చిరావడానికి పక్కింటికి పోయారు. నేనింకా చీర మార్చుకోలేదు. కుళాయికి నీళ్ళు వచ్చే వేళ అయింది. బిందె తీసుకుని తోటలోకి పోయాను.

మొదటి బిందెకే కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకున్నాయి. నీళ్ళు సగం నా మీదే పడ్డాయి. కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపాను. అప్పుడు బిందె చంకన కూర్చుంది. బిందె కూర్చుంటే మనిషి ఒక పక్కకు వంగి, చూపు నేలమీద పెట్టి నడుస్తాడు. ఈ నెలంతా నేను రెండు చేతులతో బాల్టీ మోస్తూ ఎదురుగా చూస్తూ నడిచాను. అందువల్ల కనబడనివి కొన్ని కనబడ్డాయి. కాకరపాదుకూ నిమ్మచెట్టుకూ మధ్య మట్టిలో రాళ్ళు పాతి ఉన్నాయి, పాదం పెట్టేంతవి. ఒక రాయి నుంచి ఇంకో రాయికి దూరం ఆమె అడుగు. నాకు చిన్నది. చీరలో ఉన్నాను కాబట్టి ఆ అడుగే వచ్చింది. దాని మీద నడిస్తే బురద అంటదు, బిందె తొణకదు. చివరి రాయి మల్లెల దగ్గర. అక్కడ నిలబడితే చెయ్యి చాచకుండానే పూలు అందుతాయి. ఆ రాయి మీద కొంచెంసేపు నిలబడ్డాను.

పిట్టగోడ అవతల చాంద్ బాషా గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. "ఏమక్కా, నీళ్ళు వచ్చినాయా?" అన్నాడు. వచ్చాయన్నాను. ఆయన నవ్వలేదు.

మీరు పోయిన తరువాత చీర ఉతికి తీగ మీద ఆరేశాను. ఏడాదిగా ఆ తీగ మీద పంచెలు, చొక్కాలు తప్ప ఏమీ లేవు. అక్తరున్నీసా గోడ మీంచి చూసి లోపలికి పోయింది. ఎండకు గంటలో ఆరింది. పొద్దుగూకేదాకా తీయలేదు.

నీ మేడగది మంచిది. నాకు తెలుసు. నువ్వు అడిగిన రెండింటిలో ఏదో నాకూ తెలియదు. నెలకొక ఆదివారం వస్తాను. అక్కడే భోంచేస్తాను, సంగటి ఎట్లా ఉన్నా తింటాను. సాయంత్రం బస్సుకు తిరిగి వస్తాను. నీళ్ళు పోయాలి.

ఇల్లు బాడుగకు లేదు. ఇంట్లో మనిషి ఉన్నాడు.

చీర మడతపెట్టడం మాత్రం చేతకాలేదు. ఎన్నిసార్లు పెట్టినా పంచె మడతే అవుతోంది. కుర్చీ మీదే ఉంది. నువ్వొకసారి వచ్చి నేర్పి పో.

దేవరాజులు